సుడిరాయి

అరిగిన తిరగళ్ళకు ఉలితో గాట్లు పెట్టి కక్కు కొడతామని వీధివీధినా గొంతు చించుకునేవాణ్ణి ఏ కోట కాపలావాడూ అనుమానించడు. మాసిన గోచీ, భుజాన సంచీ, సంచిలో గలగలమనే ఉలులూ చూడగానే ఎవరికైనా ఇంట్లో పిండి బరకగా పడుతున్న సంగతే గుర్తొస్తుంది. ఉలిపాడు శిల్పి కేతోజు అందుకే ఆ వేషం కట్టాడు. నల్లదుర్గం ఉత్తరద్వారం దగ్గర భటుడు బల్లెం అడ్డం పెట్టాడు కానీ, అది అనుమానంతో కాదు.

"ఒరేయ్, ముందు మా ఇంటిది కొట్టిపో. వారం నుంచి మా ఆవిడ నా ప్రాణం తోడేస్తోంది" అన్నాడు భటుడు.

"వంటశాలలో పని ముగించుకుని వస్తా దొరా! పెద్దయ్యగారి తిరగలి ఆపి మీది కొట్టానంటే రేపు నన్నే తిరగట్లో పోసి విసురుతారు."

భటుడు పకపకా నవ్వి దారిచ్చాడు. కేతోజు కూడా నవ్వాడు. ద్వారం దాటి నాలుగడుగులు వేసేసరికి ఆ నవ్వు ఎటుపోయిందో పోయింది. అతను ఈ కోటకు వచ్చింది అక్క కోసం.

నాలుగు నెలల కిందట అక్క నీలసాని ఇదే ద్వారం గుండా లోపలికి నడిచింది. ఉలిపాడులో ఆమెను మించిన చెయ్యి లేదు. మహీధరపురం రాజుకు తన మొహంతో పన్నెండు మూరల దేవుణ్ణి చెక్కించుకోవాలని ముచ్చట పుట్టింది. ఆ ముచ్చట పుట్టించినవాడు నల్లదుర్గం ఏలుతున్న మాంత్రికుడు ధూమకేశుడు. నీలసానిని పిలిపించి ఉలి పట్టమన్నాడు. ఆమె కుదరదని మొహం మీదే చెప్పేసింది. ఉలిపాడు శిల్పులు మొహాలు చెక్కరు. తాతముత్తాతల నాటి కట్టుబాటు అది. గాలి ఇసుక మీద గీసిన గీతలు, వాన కొండను కోసిన తీరు, గింజను చీల్చుకుని మొలక వంగిన వంపు, వాళ్ళు రాతిలోకి తెచ్చేవి ఇవే. మనిషి పోయినా అంతే. ముక్కూ చెవులూ చెక్కి కూర్చోరు. ఆ మనిషి బతుకు ప్రకృతిలో దేన్ని పోలి ఉండేదో ఆలోచించి దాన్ని చెక్కి ఏటిగట్టున నిలబెడతారు. నోరు మూయడం తెలియని కేతోజు తండ్రికి ఊటబుగ్గ చెక్కారు. ఆ రాయి దగ్గర ఆగినవాళ్ళు ఇప్పటికీ "ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడురా ఈయన" అనుకుని కళ్ళు తుడుచుకుంటారు.

కోటకు వెళ్ళిన నీలసాని తిరిగి రాలేదు. కాలు జారి వరదలో పడిందని కబురు మాత్రం వచ్చింది. తల్లి లేని కేతోజును చంకనేసుకుని పెంచిన అక్క. శవమైనా దొరకలేదని ఏటి పొడుగునా వెతికి వెతికి, అతను పిచ్చివాడిలా తిరిగాడు. వరద తీసిన రోజున ఊరి రేవులో, అంతకుముందెన్నడూ లేని ఒక రాయి కనిపించింది. నిలువెత్తు రాయి, నీలిరంగు. అక్క గుర్తుకోసం ఏటితల్లి పింగళమ్మే పంపిందని ఏటికి దణ్ణం పెట్టుకున్నాడు. నలభై రోజులు చెక్కి ఆ రాయిని సుడిగుండం చేశాడు. నీలసాని ఏ పనీ నేరుగా చేసేది కాదు; కోపమొస్తే ఇంటిచుట్టూ నాలుగు ప్రదక్షిణలు చేసి గానీ తిట్టేది కాదు. అందుకని సుడి. ఏటి బండల్లో గులకరాయి తిరిగి తిరిగి తొలిచినట్టు, ఆ సుడి నడుమ ఇటునుంచి అటు కనపడేలా గుండ్రటి బిలం తొలిచాడు. అందులోంచి చూస్తే పారే నీళ్ళు కనపడతాయి. ఊరు ఊరంతా వచ్చి చూసి ఏడ్చింది. కేతోజు చేతి నుంచి అంతకుముందు అంత గొప్ప పని రాలేదు.

ఇదంతా అయిన తరువాత, పది రోజుల కిందట, నల్లదుర్గం నుంచి పారిపోయి వచ్చిన ఒక భటుడు ఉలిపాడులో జ్వరంతో ప్రాణం విడుస్తూ నిజం కక్కాడు. నీలసాని ఏట్లో పడలేదు. ధూమకేశుడు మంత్రపు బూడిద చల్లి ఆమెను రాయిని చేశాడు. అలాంటి రాళ్ళతో కోటలో ఒక తోటే పెంచుతున్నాడు.

ఆ మాట విన్నవాడు ఇక ఊళ్ళో కూర్చుంటాడా? పులులు తిరిగే కనుమలు దాటాడు. తేనెపట్ల గుహలో కాపురమున్న జోగిని కాళ్ళు పట్టుకుని, రాయిని మళ్ళీ మనిషిని చేసే దోసెడు నీళ్ళు సంపాదించాడు. మైనంతో మూసిన వెదురుగొట్టంలో ఆ నీళ్ళు ఇప్పుడు అతని నడుముకు కట్టి ఉన్నాయి. అవి ఒక్కరికే సరిపోతాయి.

"రాయి ఎట్లా ఉంటే మనిషి అట్లా లేస్తుంది నాయనా. ముందు చూసుకో, తరవాత పొయ్యి" అని జోగిని మరీమరీ చెప్పింది.

వంటశాల పక్కగా నక్కి, ఏనుగులశాల వెనకనున్న కందకం దూకి, కేతోజు ఆ తోటలో అడుగుపెట్టాడు. ఏం తోట అది! చంద్రకాంత శిలల అరుగులు, అరుగుల చుట్టూ వెండిపూల పొదలు, పొదల మధ్య నెమలికంఠం రంగు నీళ్ళు పారే సన్నకాలువలు, కాలువల మీద గంధపుచెక్క వంతెనలు. మాధవీలతల పందిళ్ళ కింద మధ్యాహ్నపు ఎండ బంగారు రేకుల్లా రాలుతోంది. దేవేంద్రుడు చూస్తే తన తోటమాలికి ఉద్యోగం ఊడేది. కానీ ఆ తోటలో ఒక్క పక్షి లేదు, ఒక్క తుమ్మెద లేదు. ప్రతి పందిరి కింద ఒక రాయి ఉంది.

ధూమకేశుడి బూడిద మనిషిని బొమ్మలా బిగపెట్టదు. మొహం, చేతులు, కట్టుబట్ట అన్నీ కరిగిపోయి, లోపలి మనిషి ఏమిటో ఆ ఆకారమే రాయిగా మిగులుతుంది. చూసేవాళ్ళకు అవి వట్టి గుండ్లు. కేతోజుకు మాత్రం ఒక్కో రాయి మీద అరచెయ్యి ఆనించగానే తెలిసిపోయింది. కాగే పాల మీది మీగడలా సన్నటి ముడతలు పడ్డ రాయి పిల్లల తల్లిది. బండను పట్టుకున్న వేరులా మెలితిరిగిన రాయి ఎవరో ముసలి సైనికుడిది. ఇంకా విచ్చుకోని ఆకుమొగ్గలా ముడుచుకున్న చిన్న రాయి దగ్గర అతను ఆగిపోయాడు. పదేళ్ళు నిండని ఆడపిల్ల. ఎండలో ఉన్నా ఆ రాయి చల్లగా చెమర్చి ఉంది. కేతోజు చెయ్యి దానంతటదే వెదురుగొట్టం మీదికి పోయింది. బలవంతాన వెనక్కి లాక్కున్నాడు.

"నన్ను క్షమించు తల్లీ" అని ఆ మొగ్గను నిమిరి ముందుకు నడిచాడు. నడుస్తున్నంతసేపూ కళ్ళనీళ్ళు ఆగలేదు.

అరవై మూడు రాళ్ళు తడిమాడు. అక్క లేదు. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టబోతుంటే వెనక నుంచి ఒక ముసలి గొంతు వినిపించింది.

"ఏందిరా, సంతలో గొడ్లను తడిమినట్టు తడుముతున్నావు? ఏదన్నా నచ్చిందా?"

పొడుగు చీపురు పట్టుకుని నిలబడి ఉంది తోట ఊడ్చే ఎర్రవ్వ. కేతోజు నోరు తెరిచేలోపే ఆమె నవ్వింది.

"భయపడమాక. నేను అరిచేదాన్నైతే నువ్వు ఆ మొగ్గరాయి కాడ ఏడ్చినప్పుడే అరిచేదాన్ని. అదిగో, ఆ మూల బోర్లించిన దాకలాగా ఉన్నాడే, ఆయన మా ఇంటాయన. బతికినన్నాళ్ళూ అట్లాగే కూచున్నాడు, ఇప్పుడూ అట్లాగే కూచున్నాడు. ఆయన్ని ఇడిసి యాడికి పోతా? ఊడుస్తా ఇక్కడే పడున్నా. నీ మనిషి ఎవరు నాయనా?"

"మా అక్క అవ్వా. నీలసాని. ఉలిపాడు."

ఎర్రవ్వ చేతిలో చీపురు ఆగిపోయింది.

"నీలంరాయా?" అంది మెల్లగా. "ఆ తల్లి ఇక్కడ లేదయ్యా. గాలి తగిలితే మోగేది, ఎండ తగిలితే మోగేది. గంట కొట్టినట్టు ఖంగున మోగేది. పెద్దయ్యను జపం చేసుకోనిచ్చేది కాదు. నాలుగు దినాలు చూశాడు. అయిదో దినం పదిమందిని పెట్టి, అదిగో ఆ గోడమీంచి ఏట్లోకి దొర్లించాడు. అప్పుడు వరద రోజులు. యాడికి కొట్టుకుపోయిందో ఏమో!"

ఎక్కడికి కొట్టుకుపోయిందో కేతోజుకు తెలుసు. ఆమె ఇంటికి వచ్చింది.

అతను ఉన్నచోటే కూలబడ్డాడు. ఎర్రవ్వ ఏదో అంటోంది, అతనికి వినపడటం లేదు. ఉలిపాడులో రాయిని అడగకుండా ఉలి పెట్టరు. నీళ్ళు చల్లి, మూడు వైపుల మూడుసార్లు వేలికణుపులతో తడతారు. మొద్దుగా పలికితే ఆ వైపు వద్దన్నట్టు. ఖంగున పలికితే సరేనన్నట్టు. మూడింట ఒక్క వైపు పలికినా చాలు, అక్కడినుంచి పని మొదలుపెట్టొచ్చని వాళ్ళ పద్ధతి. నీలిరాయి మొదటి వైపు మొద్దుగా పలికింది. రెండో వైపూ మొద్దుగానే పలికింది. అప్పుడు కేతోజు దాన్ని వాటేసుకుని వెక్కివెక్కి ఏడుస్తూ, "మా అక్క కోసం. ఆమె పేరు నిలబడాలి. ఒప్పుకో తల్లీ" అన్నాడు. మూడోసారి తడితే రాయి ఖంగుమని మోగింది. మేనమామ మల్లోజు అతని భుజం తట్టి, "కానీరా, ఒప్పుకుంది" అన్నాడు.

రెండుసార్లు వద్దంది. తమ్ముడు ఏడ్చేసరికి సరేనంది. చిన్నప్పుడూ అంతే, బెల్లంముక్క రెండుసార్లు ఇవ్వనని, మూడోసారి చేతిలోది మొత్తం పెట్టేసేది.

"అవ్వా, రాయిని ఎవరన్నా చెక్కేస్తే?" అన్నాడు కేతోజు. అతని గొంతు అతనికే కొత్తగా ఉంది. "పెచ్చులు ఊడదీస్తే, నడుమ తొలిచేస్తే, ఆ మనిషి లేస్తుందా?"

ఎర్రవ్వ అతని మొహంలోకి చూసింది. ఆమెకు అర్థమైపోయింది. చీపురు కింద పడేసి అతని పక్కన కూర్చుంది.

"ఊడిన ముక్కలు ఉన్నయ్యా?"

"ఉన్నాయి. మా ఊళ్ళో పెచ్చులు పారెయ్యరు. పోయిన మనిషిని తలుచుకోడానికి ఇంటికింత పంచుకుంటారు."

"అయితే పో! అన్నీ పోగుచేసి ఎక్కడివి అక్కడ పెట్టు, అతుక్కుంటయ్. పోయినేడు ఇద్దరు అన్నదమ్ముల్ని తెచ్చారు. తమ్ముడిరాయి దొర్లి పక్కన పెచ్చులేచి పొడైపోయింది. పెద్దయ్య అన్నరాయిలోంచి అంత ముక్క కోసి తమ్ముడికి పెట్టాడు. తెల్లారేసరికి అతుకు కనపడలా. ఒక్క కడుపున పుట్టినోళ్ళయితే రాయి రాయిని పట్టుకుంటది నాయనా. పరాయి ముక్క నిలవదు."

ఆ మాట ముగిసేలోపే కోట బురుజు మీద కొమ్ము ఊదారు. రాజధాని నుంచి సాయంత్రానికి రావలసిన ధూమకేశుడు ముందే వచ్చేశాడు. పొగరంగు జడలు మోకాళ్ళ దాకా వేలాడుతుండగా, మెళ్ళో పులిగోళ్ళ దండ, చేతిలో బూడిద నింపిన దున్నకొమ్ముతో, వెంట భటులతో తిన్నగా తోటలోకే వచ్చాడు.

"ఎవడు నువ్వు?"

"తిరగళ్ళకు కక్కు కొట్టేవాణ్ణి స్వామీ. దారి తప్పాను."

"తిరగలి కొట్టేవాడి మోచేతుల దాకా పిండి అంటుకుని ఉంటుంది. నీ గోళ్ళ సందుల్లో నీలిరంగు రాతిపొడి ఉందే!" అన్నాడు ధూమకేశుడు. కొమ్ము పైకి లేచింది.

ఎర్రవ్వ చీపురందుకుని నేలమీది ఆకులూ దుమ్మూ ఒక్క ఊపున అతని కళ్ళలోకి ఎగజిమ్మింది. "పరుగెత్తరా!" అని అరిచింది. కేతోజు పరుగెత్తాడు. వెనకనుంచి బూడిద జల్లు వచ్చింది. భుజాన ఉన్న సంచీని దానికి అడ్డంగా విసిరాడు. సంచీ గాలిలోనే రాయై ఒక భటుడి కాలిమీద పడింది. వాడు కుయ్యో మొర్రో అన్నాడు. బాణాలు వచ్చాయి. ఒకటి చెవి పక్కనుంచి పోయింది, ఒకటి భుజాన్ని చీరింది. కేతోజు వంతెన దాటి, పందిరి ఎక్కి, పందిరి మీదినుంచి గోడమీదికి ఎగబాకి వెనక్కి చూశాడు. ఎర్రవ్వ నిలబడ్డ చోట ఆమె లేదు. దారి పక్కన వంగిన వరికంకిలాంటి చిన్న రాయి ఉంది. ఆ రాయికీ బోర్లించిన దాకకూ మధ్య నాలుగడుగుల దూరం.

కేతోజు ఏడుస్తూనే ఏట్లోకి దూకాడు. అక్కను దొర్లించింది కూడా అక్కడినుంచే. ఏరు ఆమెను ఏ సుడిలో తిప్పిందో అతన్నీ అదే సుడిలో తిప్పింది, ఏ బండకు కొట్టిందో అదే బండకు కొట్టింది. రెండు మొసళ్ళు వెంటపడ్డాయి. చేపలు పట్టుకునే ఒకాయన తన పుట్టిలోకి లాగి పడేసుండకపోతే ఈ కథ ఇక్కడితో ముగిసేది. పుట్టి బొంగరంలా తిరుగుతూ దిగువకు సాగిపోయింది. ధూమకేశుడు పన్నెండు గుర్రాలతో గట్టువెంట బయల్దేరాడు. గట్టుదారి కొండను చుట్టిరావాలి. ఏరు నేరుగా పోతుంది. అదొక్కటే ఆశ.

పుట్టి ఉలిపాడు రేవు చేరేసరికి ఎండ ఇంకా వాలలేదు. మల్లోజు మామ సుడిరాయి నీడలో కూర్చుని ఉలి నూరుకుంటున్నాడు. నెత్తురోడుతూ వచ్చిన మేనల్లుడు తన పక్కనుంచి పోయి రాయి మీద పడి బావురుమనటం చూసి లేచి నిలబడ్డాడు.

"అక్క మామా! ఇది అక్క మామా! నేను చెక్కింది అక్కను!"

సంగతి విన్న మామ చేతిలోని ఉలి కింద పెట్టాడు. తరువాత ఊళ్ళోకి తిరిగి పెద్దగా కేకేశాడు. నీలసాని పేరు చెప్పి పంచుకున్న పెచ్చులన్నీ ఎవరివి వాళ్ళు తీసుకురండి అన్నాడు.

ఊరు కదిలింది. పూజగూట్లో పెట్టుకున్నవాళ్ళు కళ్ళకద్దుకుని తెచ్చారు. బాలింత ఒకతె ఉయ్యాల కొంగుకు కట్టిన ముక్కను విప్పి తెచ్చింది. నీలసానితో ఏడేళ్ళుగా మాటల్లేని గౌరసాని రెండు చేతుల నిండా తెచ్చి, "నేనే ఎక్కువ అడిగి తీసుకున్నా. ఎందుకో అప్పుడు చెప్పలా" అని గబగబా పక్కకు తిరిగింది. బావిలో జారిపోయిన ముక్కకోసం ముగ్గురు బావిలోకి దిగారు. కేతోజు చేతికి ప్రతి దెబ్బా గుర్తుంది. ఏ పెచ్చు ఎక్కడిదో వేలితో చూపిస్తుంటే, ముప్పైమంది శిల్పులు తేనెమైనం రాసి అతికించారు. నలభై రోజుల అందమంతా ఒక జాములో కప్పబడిపోయింది. ఎవరికీ ఆ బాధ లేదు. చివరి పెచ్చు కూడా పడ్డాక అందరూ వెనక్కి జరిగారు.

నడుమ బిలం అట్లాగే ఉంది.

దానిలోంచి తొలిచిన ముక్కలు ఎవరి ఇంట్లోనూ లేవు. గుండెభాగం తోడబుట్టినవాడిది. దాన్ని ఎవరికీ పంచకూడదు, దాచుకోకూడదు. పొడి చేసి ఏటికీ గాలికీ ఒప్పగించాలి. అది కూడా ఉలిపాడు పద్ధతే. కేతోజు మూడు రోజులు కూర్చుని, ఒక్క పలుకు మిగలకుండా మెత్తగా నూరి, మోకాటిలోతు నీళ్ళలో నిలబడి తన చేత్తోనే వదిలాడు. ఆ రోజు అతనికి మనసు తేలికపడింది కూడా.

"ఇట్లాగే నీళ్ళు పోస్తే?" అన్నారెవరో.

"గుండె లేకుండా లేస్తుంది. ఎంతసేపు ఉంటుంది?" అన్నాడు మామ.

కేతోజు బిలంలో చెయ్యి పెట్టి చూశాడు. లోపల తడిగా ఉంది. అప్పుడే అవతలి గట్టున దుమ్ము లేచింది. పన్నెండు గుర్రాలు కొండమలుపు తిరిగాయి. కేతోజు వాటిని చూసి నడుముకున్న వెదురుగొట్టం విప్పి మామ చేతిలో పెట్టాడు.

"మామా, ఒక్క కడుపున పుట్టినోళ్ళ రాయి అతుకుతుంది. ధూమకేశుడు నన్ను రాయిని చేస్తాడు. వాడు పోయాక నా నడుమ ఈ బిలం మందాన ముక్క కోసి ఇందులో పెట్టు. పెట్టి అక్క మీద నీళ్ళు పొయ్యి."

"నోర్ముయ్‌రా! మరి నీకు?"

"నీళ్ళు ఒక్కరికే మామా."

"కేతా, నేను నీకు ఉలి పట్టడం నేర్పింది నిన్ను కొయ్యడానికట్రా?"

"ఇంకెవరు కోసినా చెయ్యి తప్పుతుంది. రాయికి నొప్పేముంది అని నువ్వే కదా చెప్పేవాడివి!"

మామ అతన్ని దగ్గరకు లాక్కుని తల నిమిరాడు కానీ వద్దనలేకపోయాడు. వద్దంటే నీలసాని పోతుంది. ఆమె కూడా తను ఎత్తుకుని తిప్పిన పిల్లే.

రేవు దగ్గర ఏరు లోతు తక్కువ; కేతోజు ఏటి నడుమకు నడిచాడు. ధూమకేశుడు అవతలి ఒడ్డున గుర్రం ఆపాడు. మొగుడి పక్కకు చేరనివ్వకుండా ఎర్రవ్వను నాలుగడుగుల ఇవతలే రాయిని చేసినప్పుడే మాంత్రికుడి గుణం కేతోజు గ్రహించాడు. అడిగింది ఇచ్చే రకం కాదు. అందుకని ఉన్నట్టుండి మోకాళ్ళ మీద పడి చేతులు జోడించాడు.

"తప్పయిపోయింది స్వామీ! తల నరికించండి, మొసళ్ళకు వేయించండి. రాయిని మాత్రం చెయ్యకండి! రాళ్ళతో పుట్టి రాళ్ళతో బతికినవాణ్ణి, ఆ చావు మాత్రం వద్దు!"

ధూమకేశుడికి ప్రాణం లేచొచ్చినట్టయింది. "అట్లాగా? అయితే అదే!" అంటూ గుర్రాన్ని నీళ్ళలోకి దించి కొమ్ము విదిలించాడు. బూడిద వాన జల్లులా పడింది. పాదాలు బిగిశాయి, నడుము బిగిసింది. రెప్పలు మూసుకోవాలనుకునేలోపే రెప్పలు లేకుండా పోయాయి. "రేపు బండి తెచ్చి దీన్ని తోటకు చేర్చండి" అని భటులకు చెప్పి, మాంత్రికుడు గుర్రాన్ని ఒడ్డెక్కించాడు. పన్నెండు గుర్రాలూ వచ్చిన దారి పట్టాయి.

కేతోజుకు చూపు పోయింది, మాట పోయింది. వినికిడి పోలేదు. ఏటి చప్పుడు, దూరమవుతున్న డెక్కల చప్పుడు, నీళ్ళలో తడబడుతూ వస్తున్న మామ అడుగులు, అన్నీ వింటూనే ఉన్నాడు. మామ వచ్చి నిలబడ్డాడు. ఉలి మొన వచ్చి ఆనింది. మొదటి దెబ్బ పడింది.

నొప్పి పుట్టింది.

మామూలు నొప్పి కాదు. ప్రాణం ఉన్న చోటల్లా ఒక్కసారే పుట్టిన నొప్పి. ఈ దెబ్బలు అక్క నలభై రోజులు తింది. నలభై రోజులూ ఆ రాయి దెబ్బదెబ్బకూ ఖంగుఖంగుమని పలికిందని, ఇంత మంచిరాయి చూడలేదని అతను ఊరంతా చెప్పుకున్నాడు. మొద్దుగా పలికితే తమ్ముడు పని ఆపేస్తాడు, ఆపేసి మళ్ళీ ఏడుస్తూ కూర్చుంటాడు. అందుకని పలికింది. అయ్యో అక్కా, అని అరవాలనిపించింది. అరవడానికి నోరు లేదు.

మామ రెండో దెబ్బ వెయ్యలేక ఆగాడు. రాయి మొద్దుగా పలికితే ఆయన ఇక ఉలి ఎత్తడు. ఖంగుమంటే ఆ మోత కొండమలుపు దాకా పోతుంది, అక్కడింకా ధూమకేశుడి గుర్రాలు కనుచూపు దాటలేదు. రెండూ కేతోజుకు తెలుసు. ఉలి రెండోసారి ఆనింది, సుత్తి పడింది. కేతోజు ఉన్న బలమంతా కూడగట్టుకుని మోగాడు.

దూరాన డెక్కల చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది. ఈసారి దగ్గరవుతోంది.

మామ ఇక ఆగలేదు. దెబ్బ మీద దెబ్బ వేశాడు. ప్రతి దెబ్బకూ రాయి పలికింది. ముక్క విడివడి మామ చేతుల్లోకి వచ్చేసరికి మొదటి గుర్రం నీళ్ళలోకి దిగింది. ఊరి ఒడ్డు ఇంకా ఇరవై బారల దూరంలో ఉంది. మల్లోజుకు డెబ్బై రెండేళ్ళు. ఆ ముక్కను పసిబిడ్డను పట్టుకున్నట్టు రొమ్ముకు అదుముకుని, ఆయన నీళ్ళలో పడుతూ లేస్తూ పరుగెత్తుతున్నాడు.